నల్లంపల్లిలో ఎద్దుకు చెప్పిన ఫిజిక్స్

ధర్మపురి వెళ్తున్నానని చెప్పగానే మా అపార్ట్‌మెంటులో ముగ్గురు నరసింహస్వామి ప్రసాదం తెమ్మన్నారు. ఆ ధర్మపురి గోదావరి ఒడ్డున ఉందని, నేను వెళ్తున్నది తమిళనాడులో సేలం దగ్గరున్న ధర్మపురికని చెప్పాను. అక్కడేముంది అన్నారు. నా దగ్గర పిహెచ్‌డి చేస్తున్న అమ్మాయి ఉంది అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ప్రసాదం మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను విశాఖపట్నంలో ఫిజిక్స్ చెబుతాను. పరమాణువు నడిమధ్య ఉండే కేంద్రకం ఏ ఆకారంలో ఉందో కనుక్కోవడం నా పని. కొన్ని నిమ్మకాయల్లా గుండ్రంగా ఉంటాయి, కొన్ని మామిడికాయల్లా కోలగా ఉంటాయి. కంటితో చూడలేం కనుక ఒక దెబ్బ కొట్టి చూస్తాం. దెబ్బ తిన్న కేంద్రకం ఉత్తేజితమవుతుంది. తరువాత ఒక కిరణం వదిలి సద్దుమణుగుతుంది; పై స్థాయికి ఎగిరినదైతే మెట్టు మెట్టుగా, మెట్టుకొక కిరణం వదులుతూ సద్దుమణుగుతుంది. అలా సద్దుమణగడానికి పట్టే సమయాన్ని ఆ ఉత్తేజిత స్థితి జీవితకాలం అంటాం. కోలగా ఉన్నవి తమ ఉత్తేజాన్ని గబగబా వదిలించుకుంటాయి. గుండ్రటివి నింపాదిగా వదులుతాయి. ఎందుకని వివరిస్తే ఇది యాత్రాకథనం కాకుండా పోతుంది. నింపాది అన్నానని గంటలు అనుకోకండి, అంతా సెకనులో లక్ష కోట్లవ వంతుల్లో జరిగే వ్యవహారం.

ఒక కేంద్రకం కోలగా ఉంటుందని నేను పదేళ్ళకు పైగా చెబుతున్నాను. దాని జీవితకాలం కొలిచి నా మాట రుజువు చేయడం ఆ అమ్మాయి, కావేరి, థీసిస్. మొదటి ప్రయోగంలో ఆమె తెచ్చిన అంకె నా మాటకు పొసగలేదు. మళ్ళీ చూడమన్నాను. చూసి అదే తెచ్చింది. ఇంకోసారి చూడమన్నాను. ప్రయోగంలోనే ఏదో లోపం ఉంటుందని, అదే కొలత మళ్ళీ చేయడానికి, ఆ దెబ్బ కొట్టే యంత్రం ఉన్న యాక్సిలరేటర్ కేంద్రంలో తిరిగి సమయం అడిగాను. దొరక్క దొరక్క దొరికింది. ఆ శుభవార్త చెప్పిన మర్నాడే కావేరి ఊరికి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు, నా ఫోను ఎత్తలేదు.

వచ్చే నెల ఆమె రాకపోతే ఆ సమయం ఇంకొకళ్ళకు పోతుంది, ఆమె థీసిస్ అక్కడితో ఆగిపోతుంది. ఇంత తెలివైన పిల్ల చదువు మధ్యలో ఆగడం నాకు భరించరానిదిగా తోచింది. ఇంట్లోవాళ్ళే అడ్డుపడి ఉంటారని తేల్చుకున్నాను. ఆమె నాన్నగారికి ఫోన్ చేసి, ఫలానా రోజు వస్తున్నానని చెప్పి, ఆయనకు నచ్చజెప్పడానికి రైలెక్కాను.

బస్సులో

సేలంలో ఎక్కిన బస్సు తొప్పూరు ఘాట్ దాకా నెమ్మదిగా, తరువాత డ్రైవరు మనసు మారినట్టు వేగంగా నడిచింది. పక్క సీట్లో పూలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఒకామె నా ఫోను మాటలు విని, "తెలుగోళ్ళా?" అని అడిగింది. అవునన్నాను.

"మేమూ తెలుగే. ఇంట్లో మాత్రం. వాకిలి దాటితే తమిళం," అంది. తరువాత ఏం పని చేస్తానని అడిగింది. మా పనిని ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. అదృష్టం కొద్దీ ఆ దారిలో హారన్లకు కొదవ లేదు.

"ఎదురొచ్చే బస్సు హారన్ ఒక రకంగా వినిపిస్తుంది, ఆగి ఉన్న బస్సు హారన్ ఇంకో రకంగా వినిపిస్తుంది, గమనించారా? మేమూ అంతే. పల్చటి రేకులోంచి కేంద్రకాన్ని ఎగరగొడతాం. వెంట్రుక మందమంత దూరంలో ఇంకో రేకు పెట్టి ఆపుతాం. కిరణం వదలడమే వాటి కూత. ఎగురుతూ కూసినవెన్ని, ఆగాక కూసినవెన్ని అని లెక్కపెడతాం. దాన్నిబట్టి అవి కూయకుండా ఎంతసేపు ఓర్చుకున్నాయో తెలుస్తుంది."

"తెలిస్తే?"

"కోలగా ఉందో గుండ్రంగా ఉందో తెలుస్తుంది."

"కోలైతే ఏమి, గుండ్రమైతే ఏమి?"

"తేడా ఉంది."

"మీకు," అని ఆమె పూల మీద నీళ్ళు చల్లుకుంది.

నేను జవాబు వెతుక్కుంటూ ఉండగా నల్లంపల్లి దాటిపోయింది. కావేరి వాళ్ళ ఊరు అదే, నేను దిగవలసింది అక్కడే. ఇది ఎక్స్‌ప్రెస్, నల్లంపల్లిలో ఆగదు అన్నాడు కండక్టరు తమిళంలో. టిక్కెట్టు ఇచ్చేటప్పుడే చెప్పొద్దా అన్నాను తెలుగులో. ఎవరి మాట మీద వాళ్ళం గట్టిగా నిలబడ్డాం. బస్సు ధర్మపురిలో ఆగింది.

ధర్మపురి

ఆ పూటకు అక్కడే ఒక లాడ్జిలో దిగి, కింద ఉన్న మెస్‌లో భోజనానికి కూర్చున్నాను. సాంబారు, కారక్కుళంబు అనే పులుసు, రసం, మజ్జిగ, ఒకదాని తరువాత ఒకటి ద్రవంగా వస్తూనే ఉన్నాయి. మా వైపు పప్పు, పచ్చడి లేకుండా విస్తరి మొదలవదు. పచ్చడి అడిగితే పెరుగులో ఉల్లిపాయలు కలిపి తెచ్చారు. ఇక్కడ దాన్నే పచ్చడి అంటారట. రుచిగానే ఉంది, నేనడిగింది మాత్రం అది కాదు.

గదిలో కూర్చుని కావేరి నాన్నగారికి చెప్పవలసిన మాటలు సాధన చేశాను. ఆడపిల్ల చదువు, దేశం, విజ్ఞానం, అన్నీ వచ్చాయి. బాగా కుదిరిన వాక్యాన్ని రెండుసార్లు చెప్పుకున్నాను.

నల్లంపల్లి

మర్నాడు పొద్దున కావేరి నాన్న మునిరత్నం గారు హైవే పక్కన టీ కొట్టు దగ్గర మోపెడ్‌తో నిలబడి ఉన్నారు. కాస్త మెట్ట, కాస్త బావి కింద తడి, రెండెడ్లు, పాడి ఆవులు ఉన్న రైతు. మీవాళ్ళు ఇటు ఎప్పుడొచ్చారని అడిగితే, "వచ్చినోళ్ళను అడగాల సారూ, మేము ఈడనే పుట్టినాము," అన్నారు.

"పాపకు రాత్రే చెప్పినాను సారూ. సార్ వస్తాండారు, యాడికీ పోవద్దని."

"ఇంట్లో ఉందా అయితే?"

"ఇల్ల సారూ. తెల్లారక ముందే తుంబలహళ్లి పోయినాది. వాళ్ళత్త తోటలో తక్కాళి కోత."

ఇల్ల అంటే లేదు, తక్కాళి అంటే టమాటా. నా శిష్యురాలు నన్ను వదిలి టమాటాలు కోయడానికి వెళ్ళిందన్నమాట. సరే, తండ్రి దొరికాడు కదా అని ఇంటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆడపిల్ల చదువు దగ్గర ఉండగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"మేమే పొమ్మంటాము సారూ. పొమ్మంటే పోదు. ఏమి జరిగినాది పాపా అంటే ఏమీ ఇల్ల అంటాది. రొంబ కష్టంగా ఉండాది మాకు. మీరన్నా అడిగి పిలుచుకొని పోండి."

దేశం, విజ్ఞానం చేతిలోనే మిగిలిపోయాయి. వాళ్ళ కోసం తెచ్చిన పుస్తకం సంచిలోంచి తీశాను. కేంద్రకం గురించి పిల్లలకోసం నేనే తెలుగులో రాసింది. మునిరత్నం గారు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నారు. ఆ ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మాట్లాడతారు, తిడతారు, జోలపాట పాడతారు, చదవడం మాత్రం తమిళమే. పుస్తకాన్ని దేవుడి పటాల పక్కన పెట్టి పసుపు కుంకుమ పెట్టారు. నా పుస్తకానికి ఇంత మర్యాద ఇదివరకు జరగలేదు.

మధ్యాహ్నం కావేరి వాళ్ళమ్మ సరోజమ్మ గారు కళి పెట్టారు. కళి అంటే మన రాగి సంగటి. పక్కన ఉలవల కుళంబు. మా కోస్తాలో ఉలవచారు అంటే పెళ్ళిళ్ళలో గిన్నెడు పోసి గొప్ప చెప్పుకునే పదార్థం. ఇక్కడ అది మామూలు బుధవారం. నేను ఒక ముద్ద తిన్నాక సరోజమ్మ గారు పెరట్లోకి వెళ్ళి ఆవుతో గట్టిగా, "చూడు లచ్చిమీ, ఇంట్లో ఉప్పు అయిపోయినాది, ఎవరికీ గురుతే లేదు," అన్నారు. మునిరత్నం గారు తింటున్నవారు లేచి, చెయ్యి కడుక్కుని, మోపెడ్ మీద వెళ్ళి ఉప్పు తెచ్చారు. ఆయన చెవులు చురుకైనవని, ఆమెకు పశువులంటే ప్రేమ అని అనుకున్నాను.

తుంబలహళ్లి

మధ్యాహ్నం దాటాక మునిరత్నం గారే నన్ను పాలక్కోడు మీదుగా తుంబలహళ్లి తీసుకెళ్ళారు. బయల్దేరేముందు కూతురికి ఫోన్ చేసి, సార్‌ను పిలుచుకొని వస్తాండాను అని మరీ చెప్పారు. ఆయన ప్రతి పనీ పద్ధతిగా చేస్తారు.

ఆనకట్ట నీళ్ళ కింద తోటలు పచ్చగా ఉన్నాయి. టమాటా ధర పడిపోయిందట. గట్టు మీద పెట్టెలు పేర్చి ఉన్నాయి, పక్కనే పండినవి కుప్పగా పారబోసి ఉన్నాయి. మా వీధిలో కిలో ఎంతకు కొంటున్నానో చెబితే మునిరత్నం గారి చెల్లెలు పుష్పమ్మ గారు నన్ను జాలిగా చూసి సంచినిండా పోసి ఇచ్చారు. కర్ణాటక దగ్గర కావడం వల్ల ఆమె మాటల్లో కన్నడం కూడా కలిసింది. "ఊట అయినాదా సారూ?" అని భోజనం సంగతి అడిగి, జవాబు వినకుండానే బొరుగులు పెట్టారు.

కావేరి లేదు. మధ్యాహ్నం బస్సుకే కొండ మీదున్న వత్తల్‌మలై వెళ్ళిందట. అక్కడ మునిరత్నం గారి స్నేహితుడి ఇంట్లో సామల నూర్పు, సాయానికి పోయింది.

నేను విసుగ్గా అటూ ఇటూ పచార్లు చేశాను. పక్కన చదునుగా పేడతో అలికిన నేల ఉంది, దాని మీద రాగి వెన్నులు పరిచి ఉన్నాయి. నడవడానికి బాగుంది. ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చేసరికి పుష్పమ్మ గారు కట్టుగొయ్య దగ్గరున్న గేదెను ఉద్దేశించి, "కళ్ళంలో చెప్పులేసుకొని తొక్కతారా? తినే గింజ గదా అది. తెలవదా నీకు?" అని మందలించారు. గేదె కాళ్ళకు చెప్పులు లేవు, అది కళ్ళంలో కూడా లేదు. ఆమెకు ఎండ తగిలిందేమో అనుకుని నేను ఇంకో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను.

వత్తల్‌మలై

ఆ రాత్రి నల్లంపల్లిలో పడుకుని, పొద్దున కొండ బస్సు ఎక్కాం. మునిరత్నం గారు ఎక్కే ముందు కూతురికి ఫోన్ చేశారు. మలుపు మలుపుకీ నా కడుపులో కళి పక్కకు జరిగింది. మనసు మళ్ళించుకోవడానికి ఆయన్ను అడిగాను.

"మీవాళ్ళు పశువులతో చాలా మాట్లాడతారండీ?"

ఆయన నవ్వారు. "పశువుకా సారూ చెప్పేది? పెద్దోళ్ళను, ఇంటికొచ్చినోళ్ళను తప్పు అని మొగం మీద చెప్పకూడదు గదా. చెప్పకపోతే కడుపులో ఉండిపోతాది. అందుకని పశువుకు చెప్తాము. అది అలగదు. వినాల్సినోళ్ళు పక్కనే ఉంటారు, వింటారు. మా అమ్మ మా నాయనతో నలభై ఏండ్లు కాపురం చేసినాది, ఒక్క తూరి కూడా ఎదురు చెప్పలేదు. అంతా ఎద్దుకే."

అత్త మీద కోపం దుత్త మీద చూపడం మనకూ తెలుసు. దాన్ని ఇంత మర్యాదగా, ఒక పద్ధతిగా పెట్టుకున్నవాళ్ళను నేను చూడలేదు. గేదె కాళ్ళు గుర్తొచ్చాయి. వాళ్ళు తినే గింజ మీద చెప్పులతో తిరిగానని, చెప్పాక కూడా తిరిగానని తలుచుకుంటే నిజంగా సిగ్గేసింది.

కొండ మీద చలిగా ఉంది. ఇళ్ళ వెనక కాఫీ చెట్లు, ముందర సామల కుప్పలు. మునిరత్నం గారి స్నేహితుడి భార్య సామల అన్నంలో పాలు పోసి బెల్లం నలిపి పెట్టింది. నా కడుపు కుదుటపడింది. ఆమెకు తెలుగు రాదు, మునిరత్నం గారు అర్థం చెప్పారు. కావేరి ఇప్పుడే దిగువ బస్సుకు వెళ్ళిపోయిందట. నేను ఆశ్చర్యపోలేదు.

"నూర్పుకని వచ్చి నూర్చలేదంట సారూ. ఆ పెట్టె తెరుచుకొని కూచున్నాదంట, పొద్దుగూకేదాకా."

ఆ ఇల్లాలు చేత్తో గాలిలో గీసి చూపించింది. పెట్టెలో అన్నీ కొండలేనట. ఈ కొండకన్నా నిటారు కొండలు. వాటినే జరిపి జరిపి చూసుకుంటూ కూర్చుందట.

ఆ కొండలు నాకు తెలుసు. గామా కిరణాల గ్రాఫులో శిఖరాలు. ఎగురుతూ కూసినవి ఒక కొండ, ఆగి కూసినవి పక్కనే ఇంకో కొండ. చదువు మానేసిన పిల్ల లాప్‌టాప్ మోసుకుని కొండెక్కి వాటిని ఎందుకు చూసుకుంటుంది? పని మీద మనసు పోలేదు. ఇంట్లో అడ్డు లేదు. ఇక మిగిలిన అడ్డు ఎవరో లెక్క తేలడానికి నాకు కొండ దిగినంతసేపు పట్టింది. మునిరత్నం గారు జేబులోంచి ఫోన్ తీశారు. దండం పెట్టి, ఈసారికి వద్దన్నాను.

మళ్ళీ నల్లంపల్లి

మేము వెళ్ళేసరికి కావేరి పశువుల కొట్టంలో ఎద్దును గడ్డితో రుద్దుతోంది. నన్ను చూసి చేతిలో గడ్డి పడేసింది.

"నమస్తే సార్. బాగుండారా సార్?"

బాగున్నానన్నాను. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. యాక్సిలరేటర్ దగ్గరికి ఎప్పుడు బయల్దేరదామని అడగబోయి, నోరు మూసుకుని స్టూలు మీద కూర్చున్నాను. మునిరత్నం గారు ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయారు. ఆమె మళ్ళీ ఎద్దు దగ్గరికి వెళ్ళి గడ్డి తీసుకుంది. కాసేపు రుద్దింది. తరువాత నాకు వినపడేలా మొదలుపెట్టింది.

"బసవన్నా, విను. ఎన్ని విధాలా ఫిట్ చేసినా ఆ జీవితకాలం సార్ చెప్పిందానికి మూడింతలు వస్తాండాది. పై స్థాయినించి ఆలస్యంగా దిగేదాని వల్ల అట్ల కనపడతాదేమో అన్నారు సార్. పై కిరణం వచ్చినప్పుడు మాత్రమే లెక్కబెట్టి ఆ ఆలస్యం తీసేసినాను. అయినా అదే. ఆ న్యూక్లియస్ కోల కాదు బసవన్నా. గుండ్రం. ఇన్నేండ్లుగా సార్ కోల అని రాసినారు. నేనెట్ల చెప్పేది? చెప్పకుండా పోయి మళ్ళీ అదే కొలిస్తే, కోల అని వచ్చేదాకా కొలవాల్సిందే గదా. అది నా చేత కాదు. అందుకే పోలేదు."

ఎద్దు చెవి ఆడించింది. దానికి అభ్యంతరం ఉన్నట్టు లేదు. నాకు ఉంది. నా నోట్లో రెండు అభ్యంతరాలు సిద్ధంగా ఉన్నాయి. కానీ అవి అడిగితే ఈ పిల్ల తల వంచుకుని సరే సార్ అంటుందని, మళ్ళీ ఎక్కడికో టమాటాలు కోయడానికి వెళ్ళిపోతుందని తెలుసు. నేను మళ్ళీ చూడు, మళ్ళీ చూడు అన్నన్నిసార్లూ ఆమె చూసింది. చూడనిది నేను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అంటారే, ఆ కుందేలును నేను పదేళ్ళు మేపాను.

లేచి స్టూలును వెనక్కి తిప్పి, గడ్డివామి వైపు మొహం పెట్టి కూర్చున్నాను.

"కావేరీ, బసవన్నకు ఫిజిక్స్ రాదు. నాకు చెప్పు. నేను ఇటే చూస్తూ ఉంటాను."

అడుగులు ఇంట్లోకి వెళ్ళి తిరిగి వచ్చాయి. తరువాత లాప్‌టాప్ తెరిచిన చప్పుడైంది. రేకుల మధ్య తాను మార్చి చూసిన దూరాలు, ఒక్కో దూరంలో రెండు కొండల ఎత్తులు, వాటి నిష్పత్తి ఎలా మారిందో చెప్పుకుంటూ పోయింది. నేను గడ్డివామితో, పొరపాటు హద్దు ఎంత అని అడిగాను. చెప్పింది. రేకు వేడికి ఉబ్బి దూరం మారి ఉండవచ్చు కదా అన్నాను. దానికి దిద్దుబాటు వేశానంది. మొదటి అభ్యంతరం అడిగాను, పోయింది. రెండోది అడిగాను, ఆమె దాన్ని నాకన్నా ముందే అడుక్కుని ఉంది. మొహం చూడకుండా అడిగితే జవాబు పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. ఆమె మాట ఆసాంతం వినడం నాకు అదే మొదటిసారి.

"నువ్వు చెప్పిందే సరి. అది గుండ్రం," అన్నాను.

అనేశాక నాకు ఏడుపొచ్చింది. సగం ఆ కేంద్రకం కోసం, సగం ఈ పిల్ల నా భయంతో ఊళ్ళు పట్టుకుని తిరిగినందుకు. గడ్డివామి వైపు తిరిగి ఉన్నాను కనుక ఎవరికీ తెలియలేదు. లోపలి నుంచి సరోజమ్మ గారు ఇంకో గ్లాసు మజ్జిగ తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళిపోయారు, కాబట్టి ఆమెకు తెలిసే ఉంటుంది.

కావేరి ముక్కు ఎగబీల్చి, "వచ్చే నెల మళ్ళీ అదే కొలవడం వేస్టు సార్. మనకిచ్చిన ఆ సమయంలోనే దాని పై స్థాయిని కొలిస్తే? కింద గుండ్రంగా ఉండి పైన కోలగా మారతాదేమో. అది ఇంగా ఎవురూ చూడలేదు," అంది. అది నా దరఖాస్తుకన్నా మంచి ఆలోచన. అలాగే అన్నాను, ఇంకా గడ్డివామితోనే.

యాక్సిలరేటర్ దగ్గర

మర్నాడు కావేరి నాతోనే బయల్దేరింది. మునిరత్నం గారు బస్సు ఎక్కించి, "ఇంగ మీ పాప సారూ," అన్నారు. నేను తల ఊపాను. మిగిలిన టమాటాలు సేలంలో సంచిలోనే పగిలి నా బట్టలన్నీ ఎర్రబడ్డాయి.

ప్రయోగం అనుకున్న తేదీకే జరిగింది. కంట్రోల్ రూములో మా బృందం, అక్కడి ఇంజనీర్లు, వేరే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. తెర మీద కొండలు లేవడం మొదలైంది. నేను ఆగలేక పెద్దాయన్ను పిలిచాను.

"చూశారా? ఎగురుతూ కూసిన కొండే ఎత్తుగా ఉంది. అంటే తొందరగా వదిలించుకుంది. పై స్థాయి అయినా కోలగానే ఉందండీ, నేను చెబుతూనే ఉన్నాను!"

కావేరి కుర్చీ నావైపు తిప్పింది.

"తప్పు సార్. మీరు చూస్తాండేది రేకులు దూరంగా పెట్టిన రన్. అంత దూరం పెడితే ఏదైనా ఎగురుతానే కూస్తాది. దగ్గర పెట్టినవి ఇంగా తీయలేదు. ఇప్పుడే ఏమీ చెప్పకూడదు."

అందరి ముందు, నా కళ్ళలోకి సూటిగా చూసి చెప్పింది. పెద్దాయన నా పరువు కాపాడటానికి దగ్గారు. నేను వంగి తెర మీద ఆ కొలత తాలూకు రన్ నంబరు చూసుకున్నాను. ఆమె చెప్పింది నిజమే. ఆ రోజంతా నాకు పట్టరాని సంతోషంగా ఉంది.